2డి ఎకో నార్మల్ వచ్చాక మళ్ళీ సీటీ యాంజియో ఎందుకు?

మా నాన్నగారికి 61 ఏళ్ళు, షుగర్ ఉంది. ఈమధ్య మెట్లెక్కితే ఛాతీ బరువుగా ఉంటోందట, కాసేపు నిలబడితే తగ్గుతోందట. ఎకోలో (గుండెకి తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) ఈఎఫ్, అంటే గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి పంపే రక్తం వాటా, 60 శాతం. అయినా డాక్టరుగారు సీటీ కరొనరీ యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల స్కాన్) రాశారు. డబ్బు గుంజడానికేనని మా బాబాయి అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
నేను రోజూ ఎకోలు తీసే టెక్నీషియన్‌ని. ఎకోలో కండరం ఎలా కొట్టుకుంటోంది, కవాటాలు సరిగ్గా మూసుకుంటున్నాయా అన్నది తెలుస్తుంది. గుండెకి రక్తం తెచ్చే కరొనరీ నాళాలు ఎంత పూడుకున్నాయో తెలియదు, అది సీటీ యాంజియోలో కనబడుతుంది. మంచం మీద పడుకున్న మనిషికి ఆ రక్తం సరిపోతుంది, ఈఎఫ్ నిక్షేపంగా వస్తుంది. మెట్ల దగ్గరే చాలదు. బాబాయిగారిని ఈ ఒక్క విషయంలో పక్కన పెట్టండి!

సీటీలో డై (నాళాలు కనబడేలా చేసే మందు) ఎక్కిస్తారు కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) చూస్తారు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే తప్పకుండా చెప్పండి. గుండె వేగంగా కొట్టుకుంటే బొమ్మ చెదిరిపోతుంది, అందుకని నిమిషానికి 60 దగ్గరికి తేవడానికి మాత్ర ఇస్తారు. ఆ పొద్దున కాఫీ మాత్రం బంద్.

జవాబు 2:
కాల్షియం స్కోర్ (గుండె నాళాల్లో పేరుకున్న కాల్షియాన్ని కొలిచే సీటీ స్కాన్) ఒక్కటి చాలదా? చవక కదా.

జవాబు 1:
లక్షణాలు లేనివాళ్ళ రిస్కు అంచనాకి అది బాగా పనికొస్తుంది. ఈయనకి నొప్పి ఉంది. సున్నా వచ్చినా, ఇంకా గట్టిపడని కొవ్వు అందులో కనబడదు.

అడిగినవారు:
థాంక్సండీ. వచ్చే వారం స్లాట్ ఇచ్చారు.

జవాబు 1:
ఈలోగా కూర్చుని ఉన్నప్పుడు కూడా నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా స్లాట్ కోసం చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.