మతసంస్థను విడిచినవారు తాము ఇచ్చిన విరాళాన్ని తిరిగి అడగవచ్చునా?

నిర్మోహి:
జపాన్‌లోని యూనిఫికేషన్ చర్చి అనే మతసంస్థకు చెందిన ఒక వృద్ధురాలు, విరాళాన్ని ఎన్నడూ తిరిగి కోరబోనని సంతకం చేసి ఇచ్చిన పత్రం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2024 జులైలో తీర్పు చెప్పింది. అటువంటిదే మరొక సంస్థలో యౌవనమంతా గడిపి బయటికి వచ్చిన నాకు ఆ తీర్పు న్యాయంగానే తోచింది. పితృదేవతలు యాతన పడుతున్నారని, ఇవ్వకపోతే ఆ దోషం పిల్లలకు తగులుతుందని భయపెట్టి పుచ్చుకున్న సొమ్మును ఇష్టపూర్వకంగా ఇచ్చినది అనలేము.

ఋజువర్తన:
ఆమె సంతకం చేసిందా, లేదా? ఇంటిని తాకట్టు పెట్టిన మనిషి, ఆనాడు నా మనసు నా వశంలో లేదంటే ఏ బ్యాంకు ఒప్పుకుంటుంది? సామాజిక శాస్త్రవేత్త ఐలీన్ బార్కర్ ఇదే చర్చిని బ్రిటన్‌లో పరిశీలించి 1984లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చర్చి నడిపిన శిబిరాలకు హాజరైనవారిలో సుమారు 90 శాతం మంది సభ్యులుగా చేరనేలేదు. వశీకరణమే ఉంటే వారందరూ ఎలా లేచి వెళ్లగలిగారు?

సంధ్య:
సంతకం ఒక్కటే చాలునని ఆ న్యాయస్థానం కూడా అనలేదు కదా.

నిర్మోహి:
ఋజువర్తన గారూ, ఆ అధ్యయనంలోని అంకె గడప దాకా వచ్చి వెనుదిరిగినవారిది. స్నేహం, ఉపాధి, చివరికి పెళ్లి సంబంధం కూడా సంస్థ ద్వారానే కుదిరినవారు ఒక్క విరాళాన్ని కాదంటే, ఆ రోజుతో తమ లోకమంతా దూరమవుతుందని వారికి తెలుసు. నేను వశీకరణం అన్న మాటే ఎత్తలేదు.

ఋజువర్తన:
మళ్లీ సంతకాన్ని దాటవేశారు.

బాటసారి:
ఇన్ని సమాధానాల తరువాత కూడా ఆ కాగితం దగ్గరే ఉన్నాము.

ఋజువర్తన:
ఉండక తప్పదు, ఎందుకంటే మా నాన్న కూడా అటువంటి కాగితం మీదే సంతకం చేశారు. అమ్మ వద్దని ఏడుస్తుండగా చేశారు. సంస్థ నుంచి బయటికి వచ్చాక ఊరంతా ఆయనను బాధితుడని ఓదార్చింది. చదువు మానుకుని పనిలో చేరిన నన్ను ఎవరూ ఆ మాట అనలేదు. ఆనాడు ఆయనకు సొంత బుద్ధి లేదని మీరు తేలిస్తే, నేను ఇక జవాబు ఎవరిని అడగాలి?

నిర్మోహి:
ఆయన మీకు జవాబుదారీ కాదని నేను అనలేదు. భయపెట్టి తీసుకున్నవారు తిరిగి ఇవ్వాలనడం వేరు, ఇంట్లో ఆయన మీకు చెప్పుకోవలసినది వేరు. జపాన్‌లో 2022 డిసెంబరులో వచ్చిన చట్టం, పోషణ పొందే హక్కుగల పిల్లలు, జీవిత భాగస్వామి తమకు రావలసిన మేరకు దాత తరఫున విరాళాన్ని రద్దు చేసుకునే వీలు కల్పించింది.

సంధ్య:
అంటే తండ్రి అడగకపోయినా పిల్లలు అడగవచ్చు.

ఋజువర్తన:
అది ముందే చెప్పవలసింది. విరాళం వెనక్కి రావడం మీద నాకు అభ్యంతరం లేదు; అది ఆయన చేతికి రావడం మీదే ఉంది. మొత్తం సొమ్ము కుటుంబానికే దక్కాలి.

నిర్మోహి:
మీ పోషణకు రావలసినంత వరకు మీదే. మిగిలినది పోగొట్టుకున్నది ఆయన. కోపం ఎంత న్యాయమైనదైనా ఆ హక్కును మీకు బదిలీ చేయదు.

ఋజువర్తన:
ఇందులో మనకు పొత్తు కుదరదు.