పీక్ డిస్ట్రిక్ట్ కొండల మీద వాలంటీర్ పని: వెళ్లినవాళ్లు చెప్పండి

తణుకు_కుర్రాడు
అందరికీ నమస్తే. సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి షెఫీల్డ్ వచ్చాను. మాంచెస్టర్ రైల్లో ఎడేల్ అనే ఊరు దాటుతుంటే ఆ పీక్ డిస్ట్రిక్ట్ కొండలు చూసి అక్కడే దిగిపోవాలనిపించింది. పైన నాచు నాటడానికి, బాటలు బాగుచేయడానికి వాలంటీర్లను తీసుకుంటారని క్లాస్‌మేట్ చెప్పింది. మనవాళ్లు ఎవరైనా వెళ్లారా? అనుభవం లేకపోయినా రానిస్తారా? స్టూడెంట్ వీసాతో ఇబ్బంది ఉంటుందా? పొలం పని తెలుసు గానీ ఇంత చలిలో ఎప్పుడూ చేయలేదు.

గోదారి_మాంచెస్టర్
తమ్ముడూ, తప్పకుండా వెళ్లు. ఆరేళ్లుగా వెళ్తున్నాను, ఎక్కువగా కిండర్ స్కౌట్, బ్లీక్‌లో అనే కొండల వైపు. అనుభవం అక్కర్లేదు, ఎలా చేయాలో పొద్దున్నే చూపిస్తారు.

ముందు అక్కడ ఏం పాడైందో తెలుసుకో. ఆ కొండల పైభాగం అంతా పీట్ నేల. నీళ్లలో నానుతూ పూర్తిగా కుళ్లని నాచు, గడ్డి పొరలు పొరలుగా పేరుకుని అయిన నల్లమట్టి. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే మీటరు మందానికి వెయ్యేళ్లు. మాంచెస్టర్, షెఫీల్డ్ ఫ్యాక్టరీల పొగ నూటయాభై ఏళ్లకు పైగా ఆమ్లవర్షమై ఈ కొండల మీదే పడింది. స్ఫాగ్నం అనే నాచు చచ్చిపోయింది. దానికి తోడు నిప్పు, అతిగా గొర్రెల మేత. నేల బట్టబయలై, వానకు కొట్టుకుపోవడం మొదలైంది. 2003 నుంచి మూర్స్ ఫర్ ది ఫ్యూచర్ అనే భాగస్వామ్యం దీన్ని బాగుచేసే పనిలో ఉంది. వాళ్ల ఆఫీసు ఎడేల్‌లోనే.

నాట్లు చూసి పెరిగినవాడివి, పని నీకు తొందరగా పట్టుబడుతుంది. అరచేతిలో ఇమిడే నాచు ముద్ద ఇస్తారు. కర్రతో గుంత చేసి, ముద్ద దింపి, చుట్టూ మడమతో గట్టిగా అదమాలి. మధ్యలో ఖాళీ ఉంటే ఎండిపోతుంది. మొదటిరోజు నాకు అదే తెలియలేదు, పైపైన పెట్టుకుంటూ పోయాను. పక్కన పనిచేస్తున్న పెద్దాయన ఏమీ అనకుండా నా వరుసంతా మళ్లీ అదుముకుంటూ వచ్చారు. ఆ సాయంత్రం నుంచి నెమ్మదిగా నాటడం నేర్చుకున్నాను.

బాగా పెరిగిన చోట ఒకసారి గుప్పెడు నాచు తీసి పిండాను. నీళ్లు మోచేతి దాకా కారాయి. పిడికిలి వదిలితే మెల్లగా మళ్లీ ఉబ్బింది. తీసిన చోటే పెట్టేశాను. ఎండు బరువుకు ఇరవై రెట్ల దాకా నీళ్లు పట్టుకుంటుందని చదివాను గానీ, చేతిలో పట్టుకున్నాకే నమ్మకం కుదిరింది.

అనంత_అక్క
నేను చేసింది గండ్లు కట్టే పని. పీట్ కోసుకుపోయిన చోట మనిషి ఎత్తు గండ్లు పడతాయి. వాటికి అడ్డంగా రాళ్లు, చెక్కలు, కొబ్బరిపీచు దుంగలు పెడతారు. రాళ్ల సంచులను హెలికాప్టర్‌లో దించుతారు, దారి ఉండదు కాబట్టి. మాది అనంతపురం జిల్లా. వాగుకు అడ్డంగా రాతికట్టలు వేసే కూలిపనికి మా అమ్మ వెళ్లేది. అక్కడ కట్ట వెనక ఆగిన నీళ్లు భూమిలో ఇంకాలని కడతాం. ఇక్కడ మట్టి తడి ఆరకుండా, కొట్టుకుపోకుండా కడతాం. మొదటి కట్ట వెనక నీళ్లు నిలిచినప్పుడు ఫొటో తీసి అమ్మకు పంపాను. రాయి వాలు సరిగ్గా లేదని చెప్పింది. నిజంగానే లేదు, వెళ్లి సరిచేశాం.

ఆ మట్టి కొట్టుకుపోయి చేరేది రిజర్వాయర్లలోకి. లేడీబవర్ అనే రిజర్వాయర్ వైపు నీళ్లు షెఫీల్డ్, డెర్బీ, నాటింగ్‌హామ్, లెస్టర్ దాకా వెళ్తాయి. మనం తాగే నీళ్లు ఇవి.

కెండల్_రవ్వ
నేనుండేది ఇంగ్లండ్ వాయవ్యాన కొండలు, సరస్సులు ఉండే లేక్ డిస్ట్రిక్ట్ పక్కన. ఇక్కడ ఫిక్స్ ది ఫెల్స్ అనే పథకం కింద కొండబాటల కాలువలు శుభ్రం చేస్తాం. బాటకు అడ్డంగా రాళ్లతో కట్టిన చిన్న కాలువలు ఉంటాయి. ఆకులు, గులకరాళ్లు అడ్డుపడితే వాననీళ్లు బాట మీదకే మళ్లి దాన్ని కోసేస్తాయి. పార పట్టుకుని నడుస్తూ ఒక్కొక్కటీ తవ్వుకుంటూ పోవడమే. నాచు నాటే పని కన్నా నాకు ఇదే నచ్చింది, ఫలితం అప్పటికప్పుడే కనపడుతుంది.

బట్టల విషయం జాగ్రత్త. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. మొదట్లో జీన్స్‌తో వెళ్లి మధ్యాహ్నానికి వణికిపోయాను, ఒకావిడ తన ఫ్లాస్కులో సూప్ ఇచ్చి కూర్చోబెట్టింది. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, రెండు జతల ఊలు సాక్సులు, అదనపు గ్లవ్స్ తీసుకెళ్లు. పులిహోర మంచి తిండి అక్కడ, చల్లారినా బాగుంటుంది.

వేసవిలో వెళ్తే టిక్‌లు, అంటే గోమార్ల లాంటి పురుగులు, ఉంటాయి. ఇంటికి రాగానే మోకాలి వెనక, చంకల్లో చూసుకోవాలి. అంటుకుంటే నలపకుండా టిక్ టూల్‌తో తీయాలి. తర్వాత చర్మం మీద వలయంలా ఎర్రగా పెరిగినా, జ్వరం వచ్చినా జీపీ, అంటే మన పేరు నమోదైన డాక్టర్, దగ్గరికి వెళ్లాలి. టిక్ కాటుతో వచ్చే లైమ్ జబ్బును తేలిగ్గా తీసుకోవద్దు.

అనంత_అక్క
వీసా గురించి ఎవరూ చెప్పలేదు. స్టూడెంట్ వీసా మీద వాలంటీరింగ్ చేయొచ్చు. కానీ ‘వాలంటరీ వర్క్’ అనేది వేరు, అది ఉద్యోగం కిందకే వస్తుంది, చదువు రోజుల్లో మనకు పనికి అనుమతి ఉన్న వారానికి 20 గంటల్లో లెక్క. ఫలానా రోజులు కచ్చితంగా రావాలన్న ఒప్పందం ఉంటే దాన్ని అలా చూసే అవకాశం ఉంది. మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందే అడుగు తమ్ముడూ.

గోదారి_మాంచెస్టర్
ఇంకొకటి. మార్చి నుంచి జులై దాకా కర్లూ లాంటి పక్షులు నేల మీదే గూళ్లు పెడతాయి. అప్పుడు బాట వదలొద్దు, ఎవరైనా కుక్కను తెస్తే తాడు వదలకూడదు. నాచు నాటే రోజులు ఎక్కువగా చలికాలంలోనే. తెల్లగా మారిన కొండ కుందేళ్లు కూడా అప్పుడే కనిపిస్తాయి. ఇంగ్లండ్‌లో ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా లేవు.

తణుకు_కుర్రాడు
అక్కా, అన్నా, థాంక్స్. ఆఫీసులో అడిగాను, ఈ పనికి పర్లేదన్నారు. నిన్న వెళ్లొచ్చాను. పొద్దున్నుంచీ పొగమంచు, పది అడుగుల దూరం కనపడలేదు. భోజనం తర్వాత తెరిపి ఇచ్చింది. నల్లమట్టి మీద నా వరుస పచ్చచుక్కల్లా కనపడింది. అన్నీ మడమతోనే అదిమాను అన్నా. గోళ్లలో మట్టి ఇంకా పోలేదు, రూమ్‌మేట్ ఏమైందని అడిగాడు, వచ్చేసారి వాడూ వస్తానన్నాడు.

గోదారి_మాంచెస్టర్
వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. కారులో రెండు సీట్లు ఖాళీ. ఎడేల్ స్టేషన్ దగ్గర ఎక్కించుకుంటాను, మీ ఇద్దరికీ గ్లవ్స్ నా దగ్గరున్నాయి.