మంచు తుఫాను అంటున్నారు, సదస్సు ఉంచాలా ఆపాలా? అర్జెంట్

నిద్రలేని కన్వీనర్: పొద్దున్నించి ఫోన్లతోనే సరిపోయింది, ఒక్కటీ తేలలేదు. హాలు, గదులు, బ్యాడ్జీలు అన్నీ సిద్ధం. ఇప్పుడేమో మంచు తుఫానట. టికెట్లు మార్చుకోమంటారా అని వక్తలు గంటకోసారి అడుగుతున్నారు. హోటల్ వాళ్లు అడ్వాన్సు తిరిగి రాదంటున్నారు. ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పండి. టెన్షన్‌తో చస్తున్నా.

రన్‌వే09: సదస్సు ఎప్పుడు?

మేఘమాల: "తుఫానట" అంటే ఎవరన్నారండీ? ఫోన్‌లో కనిపించే మంచు బొమ్మని నమ్మకండి. పది రోజుల ముందు ఇన్ని సెంటీమీటర్లు పడుతుందని చెప్పే అంకెకి విలువ లేదు, మూడు నాలుగు రోజుల్లోకి వచ్చాక చూడాలి. వాతావరణ కేంద్రాలు మొదటి లెక్కల్ని కాస్త కాస్త మార్చి ఒకే సూచనని పదుల సార్లు నడుపుతాయి, దాన్నే ఎన్‌సెంబుల్ అంటారు. అవన్నీ తుఫాను వస్తుందనే చెబుతుంటే ఏర్పాట్లు మార్చుకోవడం మొదలుపెట్టండి. ఇంకోటి, మంచు కన్నా గడ్డకట్టే వాన ప్రమాదం. పైన వెచ్చటి గాలి, నేల దగ్గర సున్నా కన్నా తక్కువ చలి ఉంటే చినుకు తగిలిన చోటల్లా గాజు పొర అయిపోతుంది...

రన్‌వే09: ఆయన అడిగింది హోటల్ డబ్బు గురించి.

క్లాజుల మాస్టారు: కన్వీనర్ గారూ, ఒప్పందంలో ఫోర్స్ మేజర్ క్లాజు, అంటే మన చేతిలో లేని విపత్తు వస్తే ఏంటన్న షరతు, చదివారా? "అసాధ్యం" అని మాత్రమే రాసి ఉంటే, ప్రయాణం కష్టమైందన్న కారణం చాలకపోవచ్చు. హాలు తెరిచే ఉంది, మనుషులే రాలేదు, కాబట్టి మా పని మేం చేశాం అంటారు వాళ్లు. తొందరపడి రద్దు అని మెయిల్ పెట్టకండి, పెట్టిన రోజు నుంచే రద్దు చార్జీ లెక్క మొదలవుతుంది. ముందు వాయిదాకి ఒప్పుకుంటారేమో అడగండి. బుక్ చేసిన గదులు నిండకపోతే ఎంత కట్టాలో కూడా చూడండి.

గాలివాటం: వాయిదా అన్నా రద్దు అన్నా డబ్బు పోయేదే కదా బ్రదర్.

క్లాజుల మాస్టారు: కాదు. వాయిదాలో అడ్వాన్సు కొత్త తేదీకి మారుతుంది, వాళ్లు ఒప్పుకుంటే.

రన్‌వే09: వక్తల్ని టికెట్లు తామే రద్దు చేసుకోవద్దనండి. తుఫాను ముందు చాలా విమాన సంస్థలు చార్జీ లేకుండా తేదీ మార్చుకోనిస్తాయి, ఆ ప్రకటన వచ్చేదాకా ఆగాలి. అమెరికా, యూరప్ నిబంధనల్లో సంస్థే విమానం రద్దు చేస్తే ప్రయాణం మానుకున్నవాళ్లకి టికెట్ డబ్బు తిరిగివ్వాలి. తప్పక రావాల్సినవాళ్లని ఒకరోజు ముందే, మధ్యలో మారే పని లేని విమానంలో రప్పించండి.

నీలిమ: వీటన్నిటికన్నా ముందు, "ఫలానా రోజు మధ్యాహ్నం నిర్ణయం చెబుతాం, అప్పటిదాకా ఏమీ మార్చకండి" అని అందరికీ ఒక్క మెయిల్ పెట్టండి. గంటకో ఫోన్ ఆగిపోతుంది. ఈలోగా స్లైడ్లు తెప్పించుకోండి, రాలేనివాళ్లు ఆన్‌లైన్‌లో మాట్లాడేలా హాల్లో ఇంటర్నెట్ అప్‌లోడ్ స్పీడు చూసుకోండి.

నిద్రలేని కన్వీనర్: సదస్సు వచ్చే గురువారం. విమానంలో వచ్చేది నలుగురు వక్తలే, మిగతా అందరూ రైల్లో. అది తెలిసిందే అనుకున్నా.

రన్‌వే09: ఎలా తెలుస్తుంది?

పట్టాలబాబు: రైలంటే వేరే కథ. పట్టాలు మార్చే పాయింట్లలో మంచు ఇరుక్కుంటే బండి కదలదు. ఆ మంచు కరిగించే హీటర్లు ఉన్న లైనా, లేనిదా?

మేఘమాల: రైలుకి కరెంటిచ్చే తీగల మీద గడ్డకట్టే వాన పడితే హీటర్లున్నా లాభం లేదు. అదే కదా ఇందాక చెప్పబోయింది.

నిద్రలేని కన్వీనర్: మెయిల్ పెట్టేశా. వాయిదా సంగతి హోటల్ వాళ్లు రేపు చెబుతారట. థాంక్స్ అండీ.

పట్టాలబాబు: ఏ లైనో చెప్పలేదు.