బాసర వెళ్తున్నాం, నాందేడ్ కూడా చూసి రావచ్చా?

ప్రశ్న (సీతమ్మధార, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మనవడికి అక్షరాభ్యాసం చేయించడానికి వచ్చే నెల మేము అయిదుగురం బాసర వెళ్తున్నాము. మా అపార్టుమెంటులో పై అంతస్తున ఉండే పంజాబీ పెద్దాయన, నౌకాదళంలో పనిచేసి ఇక్కడే స్థిరపడినవారు, ఆ సంగతి తెలిసి "అంత దూరం వెళ్ళి హజూర్ సాహిబ్ చూడకుండా రాకండి" అని, మహారాష్ట్రలోని నాందేడ్‌లో ఉన్న ఆ సిక్కుల గురుద్వారా గురించి మరీ మరీ చెప్పారు. ముప్పై ఏళ్ళుగా గురుద్వారా జంక్షన్‌లో బస్సు ఎక్కి దిగుతున్నానే గాని, ఏ గురుద్వారా లోపలికీ వెళ్ళినవాణ్ణి కాను. సిక్కులు కానివారిని లోపలికి రానిస్తారా? పంజాబులో పుట్టిన మతానికి మన గోదావరి ఒడ్డున అంత పెద్ద క్షేత్రం ఎలా వచ్చింది? మా శ్రీమతికి మోకాళ్ళ నొప్పులు కనుక తిరుగుడు తక్కువగా ఉండాలి. ఒక పూట సరిపోతుందా?

జవాబు (డాబా గార్డెన్స్)

ఒక పూట చాలు. బాసర నుంచి నాందేడ్ 80 కిలోమీటర్ల దూరం ఉంటుంది, రైలులో సుమారు రెండు గంటలు. విశాఖ నుంచి వెళ్ళే నాందేడ్ రైలు నిజామాబాద్, బాసర దాటాకే అక్కడికి చేరుతుంది కాబట్టి దారి మారవలసిన పని లేదు. టికెట్టు తీసుకునేటప్పుడు స్టేషన్ పేరు "హజూర్ సాహిబ్ నాందేడ్" అని కనిపిస్తుంది, కంగారు పడకండి. గురుద్వారా దాటితే ఊరు మరాఠ్వాడాలోని ఏ జిల్లా కేంద్రంలాగానో ఉంటుంది, ఎండ కూడా ఎక్కువ. పొద్దున దిగి, దర్శనం, భోజనం ముగించుకొని మధ్యాహ్నం రైలుకు తిరిగి రావచ్చు.

జవాబు (ఎంవీపీ కాలనీ)

పై మిత్రుని మాటతో నేను ఏకీభవించలేను. నేనూ మొదటిసారి ఒక పూట లెక్క వేసుకొనే వెళ్ళి, చూడవలసినదాన్నే చూడకుండా వచ్చాను. సాయంత్రం అక్కడ దీపాలతో హారతి ఇస్తారు. ఇతర గురుద్వారాలలో సాధారణంగా కనిపించని ఆచారం అది. ఆ తరువాత గురు గోవింద్ సింగ్ ఆయుధాలను బయటికి తీసి, ఒక్కొక్కటి ఏమిటో చెబుతూ భక్తులకు చూపిస్తారు. మధ్యాహ్నం రైలు ఎక్కినవారికి ఇవేవీ దక్కవు.

మీ రెండవ ప్రశ్నకు జవాబు 1708లో ఉంది. ఔరంగజేబు మరణం తరువాత సింహాసనమెక్కిన బహదూర్ షా, హైదరాబాదులో తానే పాదుషానని ప్రకటించుకున్న తమ్ముడు కాంబక్ష్‌ను అణచడానికి దక్షిణానికి దండు నడిపినప్పుడు, సిక్కుల పదవ గురువైన గోవింద్ సింగ్ కూడా ఆ దారినే వచ్చి, నాందేడ్ దగ్గర గోదావరి తీరాన ఆగిపోయారు. ఇక్కడే మాధోదాస్ అనే బైరాగి ఆయనకు శిష్యుడై, బందా సింగ్ బహదూర్‌గా పంజాబు వెళ్ళి, రెండేళ్ళు తిరగకుండానే అక్కడి మొగలుల పట్టణం సిర్హింద్‌ను గెలిచాడు. ఇక్కడే ఒక పఠాను గురువును కత్తితో పొడిచాడు. ఆ ఏడాది అక్టోబరు 7న కన్నుమూసే ముందు గురువు, ఇక మీదట మనుషుల్లో గురువు ఉండరనీ, సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబే శాశ్వత గురువనీ ప్రకటించారు. ఏ గురుద్వారాలో గ్రంథానికి వింజామర వీస్తున్నా, ఆ మర్యాద వెనుక ఈ ఊళ్ళో జరిగిన ఆ ప్రకటన ఉంది. సిక్కుల అయిదు తఖ్తులలో, అంటే అత్యున్నత మత పీఠాలలో, మూడు పంజాబులోనే ఉన్నాయి. మిగిలిన రెండింటిలో ఒకటి గురువు 1666లో పుట్టిన పాట్నా, రెండవది ఈ నాందేడ్. గంగ ఒడ్డున పుట్టినవారు గోదావరి ఒడ్డున ఒరిగారన్నమాట.

నదితో ఆ బంధం ఇప్పటికీ తెగలేదు. ప్రతిరోజూ తెల్లవారకముందే ఒక సేవకుడు గోదావరి నీటిని బిందెతో మోసుకువస్తే, ఆ నీటితో తఖ్తును కడుగుతారు. గురువు దహన సంస్కారం జరిగిన చోటున కట్టిన లోపలి గదిలోకి ప్రధాన పూజారి తప్ప ఇంకెవరూ అడుగుపెట్టరు. మనం బయటి నుంచే నమస్కరించుకోవాలి. నగీనా ఘాట్ దగ్గరలోనే ఉంటుంది. భక్తుడు కానుకగా ఇచ్చిన మణిని గురువు నదిలోకి విసిరేసి, "వెళ్ళి నీది ఏరుకో" అన్నారనీ, అతడికి నీటి అడుగంతా మణులే కనిపించాయనీ అక్కడివారు చెబుతారు. మీ శ్రీమతిగారిని మెట్లు దింపకుండా, పైన కూర్చోబెట్టి చూపించండి.

లోపలికి ఎవరైనా వెళ్ళవచ్చు. తలపై గుడ్డ ఉండాలి, కాళ్ళు కడుక్కోవాలి, జేబులో సిగరెట్లు, పొగాకు ఉండకూడదు. అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగరులో బంతిన కూర్చుంటే రొట్టెను విస్తట్లో వేయరు. రెండు చేతులూ దోసిలి పట్టి అందుకోవాలి. నాకు తెలియక ఒక చెయ్యి చాపితే, వడ్డిస్తున్న పెద్దాయన ఏమీ అనకుండా రొట్టె పట్టుకొని అలాగే నిలబడ్డారు. పక్కనున్న పిల్లవాడు మోచేత్తో పొడిచి చూపించాక గాని నాకు అర్థం కాలేదు. ప్రసాదం గోధుమపిండి, నెయ్యి, చక్కెర కలిపిన హల్వా; అన్నవరం ప్రసాదానికి అలవాటు పడిన నాలుకకు కొత్తగా ఉండదు గాని, నెయ్యి మాత్రం వేళ్ళ సందుల నుంచి కారుతుంది.

జవాబు (మర్రిపాలెం)

ఒక సంగతి చేర్చాలి. ఇప్పుడున్న గురుద్వారాను 1832, 1837 మధ్య కట్టించినవారు లాహోరు నుంచి ఏలిన మహారాజా రంజిత్ సింగ్. కట్టిన నేల మాత్రం నిజాముది. నాందేడ్ హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లాగానే ఉండి, 1956లో రాష్ట్రాల పునర్విభజనతో బొంబాయిలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్ళింది. ఈ గురుద్వారా నిర్వహణ చట్టం కూడా 1956లో హైదరాబాదు శాసనసభ చేసినదే. అందుకే నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్ వైపు తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, స్టేషన్ దగ్గర మీరు తెలుగులో దారి అడిగినా వింతగా చూడరు. హోలీ, దసరా రోజులలో ఊరేగింపులకు జనం విరగబడతారు; పిల్లవాడితో ఆ తేదీలలో వెళ్ళకండి. బస గురుద్వారా యాత్రీ నివాస్‌లలోనే చూసుకోండి. నేను స్టేషన్ ఎదుట ఒక లాడ్జిలో దిగి, రాత్రంతా నీళ్ళు రాక బాధపడ్డాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. తిరుగు టికెట్టును ఒక రోజు తరువాతకి మార్చాను. బాసరలో మనవడు అక్షరాలు దిద్దే తీరాన పారే నీళ్ళు నాందేడ్ ఘాట్ల మీదుగానే వస్తాయని వాళ్ళ నానమ్మకు చెబితే, "అయితే అదే ముందు చూడవలసింది కదా" అంటోంది. ఇప్పుడు మిగిలిన చిక్కు ఒక్కటే: వాడు తలపై టోపీనైనా రెండు నిమిషాలు ఉంచుకోడు. పై అంతస్తు పెద్దాయన నారింజ రంగు రుమాలు ఒకటి తెచ్చి, వెనక ముడి వేయడం నేర్పుతున్నారు. మూడుసార్లు కట్టారు, మూడుసార్లూ వాడు పీకి పారేశాడు.