సాడక్ ట్రిబ్యునల్ ఆగిపోయాక జింబాబ్వే పౌరులకు మిగిలిన దారేది?

నమస్తే. నేను ఎల్ఎల్ఎం చదువుతున్నాను. ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంత దేశాల్లో మానవ హక్కుల కేసులపై సెమినార్ పేపర్ రాస్తూ ఒక చోట ఆగిపోయాను. మూడు వారాలుగా ముందుకు కదలడం లేదు.

విషయం ఇది. నష్టపరిహారం లేకుండా భూములు లాక్కోవడంపై మైక్ క్యాంప్‌బెల్, మరికొందరు రైతులు వేసిన కేసులో, నమీబియా రాజధాని విండ్‌హుక్‌లోని సాడక్ (ఆ ప్రాంత దేశాల కూటమి) ట్రిబ్యునల్, అంటే ఆ కూటమి కోర్టు, 2008 నవంబర్ 28న జింబాబ్వే ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. 2010లో కూటమి దేశాధినేతలు ట్రిబ్యునల్‌నే ఆపేశారు. ట్రిబ్యునల్‌పై 2014లో చేసుకున్న కొత్త ప్రోటోకాల్‌లో (ఒప్పందంలో) వ్యక్తులు కేసు వేసే వీలు తీసేసి, దేశాల మధ్య వివాదాలకే పరిమితం చేశారు. గెలిచిన వాళ్ల ముందే కోర్టు తలుపు మూసేయడం చదువుతుంటే చాలా బాధేసింది. ఇందులో తమ అధ్యక్షుడు పాలుపంచుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2018 డిసెంబర్ 11న దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. కానీ ఆ తీర్పు జింబాబ్వేను కట్టడి చేయదు కదా.

నేను చూసినవి: టాంజానియాలోని అరూషాలో ఉన్న ఆఫ్రికన్ మానవ హక్కుల కోర్టుకు వ్యక్తులు నేరుగా వెళ్లాలంటే వారి దేశం ప్రత్యేక ప్రకటన ఇవ్వాలి, జింబాబ్వే ఇవ్వలేదు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేయాలన్నా అందుకు వీలిచ్చే ఐచ్ఛిక ప్రోటోకాల్‌ (అదనపు ఒప్పందం)లో ఆ దేశం చేరలేదు. ఇద్దరు ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.

స్వదేశీ కోర్టుల్లో ఓడిపోయిన జింబాబ్వే పౌరుడు, గాంబియా రాజధాని బంజుల్‌లోని ఆఫ్రికన్ మానవ హక్కుల కమిషన్ కాకుండా, సొంతంగా ఫిర్యాదు చేయగల అంతర్జాతీయ వేదిక ఇంకేదైనా ఉందా?