‘పుష్ అండ్ రన్’, ‘సెంటర్ హాఫ్’: తెలుగులో ఎలా రాద్దాం?

ప్రశ్న

ఆర్థర్ రో (1906–1993) మీద ఒక పరిచయ వ్యాసం రాస్తున్నాను. 1930లలో లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు టాటెన్‌హామ్ హాట్‌స్పర్‌కు సెంటర్ హాఫ్‌గా ఆడి, 1949 నుంచి 1955 దాకా అదే క్లబ్బుకు మేనేజర్‌గా ఉన్న మనిషి. మూడు మాటల దగ్గర కలం ముందుకు సాగడం లేదు: సెంటర్ హాఫ్, మేనేజర్, ఆయన జట్టు ఆటకు స్థిరపడిపోయిన పేరు పుష్ అండ్ రన్. చివరిదానికి ‘తోసి పరుగెత్తు’ అని రాసుకున్నాను గానీ ఎబ్బెట్టుగా ఉంది. పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు

ఎబ్బెట్టు ఒక్కటే కాదండీ, అర్థమే తిరగబడింది. ఫుట్‌బాల్‌లో ఎదుటివాణ్ణి తోస్తే ఫౌల్. ‘తోసి పరుగెత్తాడు’ అంటే బస్టాండులో పర్సు కొట్టేసినవాడు గుర్తొస్తాడు.

ముందు పని ఏమిటో చూసి, తర్వాత మాట వెతుకుదాం. ఇక్కడ ‘పుష్’ అంటే పాదం లోపలి అంచుతో, కాలు పెద్దగా వెనక్కి ఎత్తకుండా, బంతి నేలను అంటుకునే వెళ్లేలా పంపడం. దూరం పది పదిహేను గజాలకు మించకూడదు. ‘రన్’ బంతి అందుకున్నవాడిది కాదు, ఇచ్చినవాడిది. బంతి కాలు వదిలిందో లేదో, వాడు ఎదుటి డిఫెండరును దాటి ఖాళీలోకి వెళ్లిపోవాలి. అందుకున్నవాడు బంతిని ఆపుకోడు, ఒక్క తాకుతోనే దాన్ని తిరిగి ఆ ఖాళీలోకి పంపిస్తాడు. డిఫెండరు బంతిని చూస్తే మనిషి పోతాడు, మనిషిని చూస్తే బంతి పోతుంది. టాటెన్‌హామ్ వీధుల్లో పిల్లలు బంతిని గోడకు కొట్టి, తిరిగొచ్చినదాన్ని ముందుకెళ్లి అందుకునే ఆటలో దీని మూలం ఉందని రో చెప్పేవాడు. ‘వాల్ పాస్’ అన్న పేరులోని గోడ కూడా అదే.

ఇది ఎక్కడ మొదలయ్యేదో వ్యాసంలో చూపిస్తే మాట దానంతట అదే తెలిసిపోతుంది. గోల్‌కీపర్ టెడ్ డిచ్‌బర్న్ బంతిని మైదానం నడిమికి తన్నే బదులు, చేత్తో విసిరి రైట్ బ్యాక్ (కుడివైపు డిఫెండరు) ఆల్ఫ్ రామ్సీకి ఇచ్చేవాడు. కుడి అంచు వెంబడి దాడి చేసే వింగర్ సన్నీ వాల్టర్స్ గీత దగ్గర కాచుకుని ఉండకుండా వెనక్కి వచ్చి రామ్సీ దగ్గర అందుకునేవాడు. అతని వెంటే డిఫెండరు కూడా ముందుకు వస్తాడు కాబట్టి వెనకాల జాగా ఖాళీ అవుతుంది. ఆ కాలపు ఇంగ్లిష్ జట్లు వింగర్‌కు పొడుగు బంతి వేసి, అక్కణ్ణుంచి క్రాస్ (అంచు నుంచి గోల్ ముందుకు వేసే బంతి) కోసం చూసేవి. తేడా అక్కడుంది.

దానికి మరో మాట

ఈ పనికి తెలుగులో మాట ఉందండీ: ఇచ్చిపుచ్చుకోవడం. ‘రామ్సీ, వాల్టర్స్ ఇచ్చిపుచ్చుకుంటూ ముందుకు కదిలారు’ అంటే వాడికీ వీడికీ మధ్య బంతి తిరగడం కళ్లకు కడుతుంది.

దానిపై అభ్యంతరం

వాక్యంలో బాగుంది. శైలికి పేరుగా మాత్రం కుదరదు మేడమ్. ‘ఇచ్చిపుచ్చుకునే టాటెన్‌హామ్’ అంటే పెళ్లి సంబంధాలు కలుపుకునే ఇల్లులా ఉంటుంది. పైగా ఇందులో పరుగు లేదు. ఆ శైలి ప్రాణమంతా బంతి ఇచ్చినవాడు నిలబడకపోవడంలోనే ఉంది. వాడు నిలబడితే అందుకున్నవాడికి తిరిగి ఇవ్వడానికి ఎవరూ దొరకరు, బంతి ఆపుకోవాల్సి వస్తుంది, ఆలోగా డిఫెండరు మీద పడతాడు. పాస్ నెమ్మదిగా వెళ్లినా ఇదే గతి. బురద నేల మీద బంతి పాకదు. మ్యాచ్ పొడుగునా పదకొండుమందీ కదలాలి కాబట్టి వయసు కూడా లెక్కకొస్తుంది. జట్టు లీగ్ గెలిచిన 1951 ఏప్రిల్ నాటికి కెప్టెన్ రోనీ బర్జెస్‌కు 34 ఏళ్లు, బిల్ నికల్సన్‌కు 32, రామ్సీకి 31. ఆ తర్వాత జట్టు ఎందుకు దిగజారిందో చెప్పే చోట ఈ వయసులు తప్పక రాయండి.

నా ఓటు: పేరును ‘పుష్ అండ్ రన్’ అని తెలుగు లిపిలోనే ఉంచండి. మొదటిసారి వచ్చినచోట ‘బంతి అందించి ఖాళీలోకి దూసుకుపోయే ఆట’ అని ఒక ముక్క చేర్చండి. రో పేరుతో చెప్పుకునే ‘సులువుగా ఆడు, చురుగ్గా ఆడు’ అన్న మాటను కూడా అక్కడే పెడితే అతుకుతుంది.

సెంటర్ హాఫ్ గురించి

దీన్ని ‘మధ్య సగం’ అని ఎవరో యంత్రంతో చేయించిన అనువాదం తిరుగుతోంది. దయచేసి దాని జోలికి పోకండి. హాఫ్ అంటే ఇక్కడ వెనక్కి సగం దూరంలో ఆడేవాడు. పాత అమరిక రెండు–మూడు–అయిదు: గోల్ ముందు ఇద్దరు ఫుల్ బ్యాక్‌లు, వాళ్లకీ ఫార్వర్డ్‌లకీ నడుమ ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు, ముందు అయిదుగురు ఫార్వర్డ్‌లు. ఆ ముగ్గురిలో నడిమివాడే సెంటర్ హాఫ్. అటు ఆపడం, ఇటు దాడిని మొదలుపెట్టడం, రెండూ అతని పనే.

1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. అంతవరకూ సహచరుడు బంతిని పంపే క్షణంలో ఫార్వర్డ్‌కూ గోల్ గీతకూ మధ్య ప్రత్యర్థులు ముగ్గురుండాలి. కొత్త నిబంధనలో ఇద్దరు చాలు. ఇంగ్లండ్ లీగ్‌లో అన్నిటికన్నా పై అంచె అయిన మొదటి డివిజన్‌లో గోల్స్ ఒక్క ఏడాదిలో 1,192 నుంచి 1,703కి ఎగబాకాయి. ఆ దెబ్బకు ఆర్సెనల్‌లో హెర్బర్ట్ చాప్‌మన్ తదితరులు సెంటర్ హాఫ్‌ను ఇద్దరు ఫుల్ బ్యాక్‌ల మధ్యకు దింపేశారు. పని మారినా పేరు మారలేదు. 1939లో లీగ్ అంకెల చొక్కాలను తప్పనిసరి చేసేనాటికి వెనక వరసలో నిలబడ్డ మనిషికి అయిదో నంబరు దక్కడం అందుకే. బ్రిటన్‌లో ఇప్పటికీ సెంట్రల్ డిఫెండరును సెంటర్ హాఫ్ అంటారు.

రో లీగ్‌లో ఆడటం మొదలుపెట్టింది 1931లో, అంటే ఈ మార్పు జరిగాక. కాబట్టి ‘మిడ్‌ఫీల్డర్’ అని రాస్తే తప్పు. టాటెన్‌హామ్‌కు లీగ్‌లో 182 మ్యాచ్‌లు ఆడి ఒక్క గోలూ కొట్టలేదు. ‘నడిమి డిఫెండరు, అప్పటి మాటలో సెంటర్ హాఫ్’ అని ఒకసారి రాసి, ఆపైన సెంటర్ హాఫ్ అనే వాడండి. హైదరాబాద్ పాత ఆటగాళ్ల నోట్లో కూడా సెంటర్ హాఫ్, లెఫ్ట్ ఇన్, రైట్ అవుట్ (చివరి రెండూ ఫార్వర్డ్‌ల స్థానాలు) అన్నవే మెదిలేవి. మనకు అవి పరాయి మాటలేమీ కావు.

మేనేజర్

ఇది చిక్కే. మనకు మేనేజర్ అంటే బ్యాంకులోనో సినిమా ఆఫీసులోనో ఉంటాడు. క్రికెట్ జట్టు మేనేజర్ అయితే టికెట్లు, గదులు చూసుకుంటాడు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. మనం ఆయన్ని కోచ్ అనే అన్నాం. కానీ రోను కోచ్ అంటే సగమే చెప్పినట్టు. 1949లో సౌతాంప్టన్ నుంచి రామ్సీ, 1954లో ఆస్టన్ విల్లా నుంచి డానీ బ్లాంచ్‌ఫ్లవర్ వచ్చింది ఆయన హయాంలోనే. ఎవరిని కొనాలో, ఎవరిని ఆడించాలో, ఎలా ఆడించాలో మూడూ ఆయన చేతిలోవే. ‘మేనేజర్’ అనే ఉంచి, ఆ మూడు అధికారాలూ ఒక్క వాక్యంలో చెప్పండి. రోకు కోచ్ అన్న మాట సరిగ్గా సరిపోయే చోట్లు వేరే ఉన్నాయి: 1939లో శిక్షణ ఇవ్వడానికి హంగరీ వెళ్లి, యుద్ధం రాగానే తిరిగొచ్చినప్పుడు, ఆ తర్వాత సైన్యం జట్టుకు నేర్పినప్పుడు. 1945లో చెమ్స్‌ఫర్డ్ సిటీకి వెళ్లేసరికి మళ్లీ మేనేజరే.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. సవరించిన పేరా ఇదీ:

‘రో చేతికి వచ్చేనాటికి జట్టు రెండో తరగతిలో ఉంది. 1949–50లో అందులో మొదటి స్థానం. మరుసటి సీజన్ తొలి మ్యాచ్‌లోనే బ్లాక్‌పూల్ చేతిలో 1–4తో ఓడినా, నవంబరు 18న న్యూకాసిల్‌ను 7–0తో చిత్తుచేసింది. 1951 ఏప్రిల్ 28న షెఫీల్డ్ వెన్స్‌డేపై లెన్ డుకెమిన్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో టాటెన్‌హామ్ తన చరిత్రలో తొలిసారి లీగ్ ఛాంపియన్ అయింది. ఆటగాడిగా రోకు దక్కింది ఒకే ఒక్క ఇంగ్లండ్ టోపీ.’

చివరి సవరణలు

‘రెండో తరగతి’ వద్దండీ, బడి గుర్తొస్తుంది. ‘రెండో డివిజన్’ అనండి. టోపీ అసలే వద్దు. మన దగ్గర టోపీ పెట్టడమంటే మోసం చేయడం. ‘ఇంగ్లండ్ తరఫున ఒకే మ్యాచ్ ఆడాడు’ అని రాసి వివరం ఇవ్వండి: 1933 డిసెంబరు 6, ఫ్రాన్స్‌పై 4–1 గెలుపు, అదీ సొంత మైదానం వైట్ హార్ట్ లేన్‌లోనే.

టైటిల్ గెలిచిన సీజన్‌లో 60 పాయింట్లు అని రాసేటప్పుడు, అప్పట్లో గెలుపుకు రెండే పాయింట్లని పక్కనే చెప్పండి. లేకపోతే ఇప్పటి మూడు పాయింట్ల లెక్కలో చదివినవాళ్లకు ఇది తక్కువగా కనిపిస్తుంది. రెండో స్థానంలోని మాంచెస్టర్ యునైటెడ్‌కు 56.

పేరా టైటిల్ దగ్గరే ఆగిపోయింది, ఇంకాస్త పొడిగించండి. 1951–52లో రెండో స్థానం, ఆపైన దిగజారుడు. 1955లో అనారోగ్యంతో రో తప్పుకోవడం, క్రిస్టల్ ప్యాలెస్ మేనేజర్‌గా 1960–61లో నాలుగో డివిజన్ నుంచి ఆ జట్టును పైకి తేవడం కూడా రావాలి. అదే 1960–61లో ఆయన పాత రైట్ హాఫ్ (ముగ్గురు హాఫ్ బ్యాక్‌లలో కుడివైపువాడు) నికల్సన్ మేనేజర్‌గా టాటెన్‌హామ్‌కు లీగ్, ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ పోటీ) రెండూ గెలిపించాడు. ఆ జట్టు కెప్టెన్ రో తెచ్చిన బ్లాంచ్‌ఫ్లవరే. అక్కడ ‘రైట్ హాఫ్’ను ‘కుడి సగం’ చేయకండి మరి.