పీట మీద పెట్టిన సీసానే పొడుగంటున్నారు: ఎత్తు పోల్చడం ఏ క్రమంలో నేర్పాలి?

ప్రశ్న:
పిల్లల వయసు మూడున్నర నుంచి నాలుగున్నర. రెండు సీసాలు బల్ల మీద పక్కపక్కన పెడితే పొడుగుది సరిగ్గానే చూపిస్తున్నారు. పొట్టి సీసాను పీట ఎక్కిస్తే మాత్రం అదే పొడుగంటున్నారు. లావు డబ్బా, సన్నటి గొట్టం పెడితే గొట్టమే పొడుగైనా డబ్బాను చూపిస్తున్నారు. ఎక్కడ సరిదిద్దాలి? ‘ఎత్తు’ అనాలా, ‘పొడుగు’ అనాలా?

జవాబు 1:
ముందు మాట సంగతి. అటక మీది డబ్బా ‘ఎత్తులో ఉంది’ అంటాం కదా. అందుకే ‘ఏది ఎత్తు?’ అంటే ఎత్తున ఉన్నదాన్ని చూపిస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. మొదట్లో పొడుగు–పొట్టి జంటే వాడండి. ‘పెద్దది–చిన్నది’ ఈ పాఠంలో అసలు వద్దు. పెద్దది అనగానే లావు కూడా లెక్కలోకి వస్తుంది, డబ్బాను చూపించడానికి కారణం అదే.

పీట దగ్గర తడబాటు వేరు. ఈ వయసులో చూపు పైకొసల మీదే ఉంటుంది, అడుగు ఎక్కడుందో పట్టదు. నేల మీద రంగు టేపు గీతలా అంటించి, వస్తువులన్నీ దాని మీదే నిలబెట్టించండి. ప్రతిసారీ వేలితో ముందు అడుగు తాకించి, అక్కణ్ణుంచి పైకొస దాకా జరిపించండి. ఇది అలవాటయ్యాక పీట మళ్లీ తెచ్చి, పొట్టి సీసాను దాని మీద పెట్టి, ‘ఇద్దరి కాళ్లూ ఒకచోటే ఉన్నాయా?’ అని అడగండి. జవాబు మీరు చెప్పకండి, సీసాను వాళ్లనే కిందికి దించనివ్వండి.

జవాబు 2:
వస్తువుల ఎంపికలోనే సగం పని ఉంది. మొదట్లో ఎత్తు తప్ప ఏదీ మారకూడదు. మాంటిస్సోరి బోధన పద్ధతిలో వాడే నీలం సిలిండర్లు అలాంటివే: పదింటికీ లావు ఒకటే, ఎత్తు మాత్రమే మారుతుంది. అవి లేకపోతే ఒకే సైజు, ఒకే రంగు బ్లాకులతో రెండు స్తంభాలు కట్టండి. 3, 8 బ్లాకులతో మొదలుపెట్టి 5, 7కి, ఆపైన 6, 7కి రండి. తేడా ఒక్క బ్లాకే అయితే స్తంభాలను కాస్త ఎడంగా నిలబెట్టి, పైన స్కేలు అడ్డంగా పెట్టించండి. అది పొట్టి వైపుకు వాలుతుంది. లావు తేడా ఉన్న జంటలు ఇవన్నీ కుదిరాకే.

మూడో వస్తువు చేరగానే మధ్యది ఇబ్బంది పెడుతుంది: ఒకదానికన్నా పొడుగు, ఇంకోదానికన్నా పొట్టి, రెండూ అదే. కాబట్టి ‘ఇది పొడుగు’ అని వదిలేయకుండా ‘ఇది దీనికన్నా పొడుగు’ అని మొదటి రోజు నుంచే పూర్తిగా చెప్పించండి. వరుస పేర్చేటప్పుడు అన్నిటికన్నా పొడుగుది తీసి పక్కన పెట్టడం, మిగిలినవాటిలో మళ్లీ వెతకడం. మూడు వచ్చాక ఐదు.

అడిగినవారు:
బల్ల, కిటికీ అంచు లాంటివి పక్కపక్కకు తేలేం కదా?

జవాబు 1:
కాగితపు పట్టీ వాడండి. దారమైతే సాగుతుంది, వంకర పోతుంది. పట్టీ అడుగును ఒకరు నేలకు నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు బల్ల అంచు దగ్గర గీత పెట్టాలి. తర్వాత పట్టీని కిటికీ దగ్గర నిలబెట్టి చూడాలి. ఎక్కువగా జరిగే పొరపాటు, రెండోసారి అడుగు నేల నుంచి లేచిపోవడం. పట్టీ అడుగున ఒక పాదం బొమ్మ గీస్తే ఆ కొస నేలకు ఆనాలని గుర్తుంటుంది. నాలుగేళ్లలోపు వాళ్లకు దీన్ని ఆటగానే ఉంచండి, ఇంకా పట్టుబడకపోవడం మామూలే.